చావు కబురొచ్చిన రోజు టికెట్ ధర

ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు కేంద్రం చార్జీలకు పైహద్దు పెట్టిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, వెయ్యి లోపు 12 వేలు, పదిహేను వందల లోపు 15 వేలు, ఆపైన ఎంత దూరమైనా 18 వేలు. 2025 డిసెంబరు 6న ఆ ఉత్తర్వు వచ్చింది. టీవీ చర్చల్లో కొందరు మెచ్చుకున్నారు, కొందరు మార్కెట్‌లో ప్రభుత్వం వేలు పెట్టొద్దన్నారు. నా దృష్టి మాత్రం 12 వేల దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి ముంబైకి ఆకాశమార్గంలో 600 కిలోమీటర్ల పైచిలుకు. అంటే దేశమంతా ఎయిర్‌పోర్టుల్లో జనం నేలమీద పడుకున్న రోజుల్లో కూడా ఈ రూటులో ఇంతకు మించి తీసుకోవద్దని ప్రభుత్వం చెప్పిన మొత్తం 12 వేలు. జడ్చర్లలో నా నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో, ఏ సంక్షోభమూ లేని మామూలు మంగళవారం నాడు ఇంచుమించు అంత డబ్బు పెట్టి ఇదే రూటులో టికెట్ కొన్నవాళ్లున్నారు. వాళ్లింట్లో ఎవరో చనిపోయి ఉంటారు, లేకపోతే ఐసీయూలో ఉంటారు.

బస్సు, రైలు, విమానం టికెట్లు తీయడం నా రోజువారీ పని. పాస్‌పోర్టు దరఖాస్తులు, స్కాలర్‌షిప్ ఫారాలు కూడా ఉంటాయి కానీ ఇక్కడ వాటితో పని లేదు. విమానయానాన్ని ప్రభుత్వ పిడికిట్లోంచి వదలడం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే మంచిదే అంటాను. కాకపోతే ఆ మంచి అందరికీ సమానంగా అందలేదు. రెండు నెలల ముందు తెలిసిన ప్రయాణానికి విమానం చౌకైంది. ఈ పూట తెలిసి ఈ పూటే బయలుదేరాల్సిన ప్రయాణానికి మాత్రం మనిషిని నిలువునా పిండే ధర పడుతోంది. ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదని నాకు బాధ.

పాత రోజులు తిరిగి రావాలని కాదు

వరుసకు పెద్దనాయన అయ్యే ఒకాయన ఎనభైల్లో కాంట్రాక్టు పనుల మీద బేగంపేట నుంచి బొంబాయికి విమానంలో పోయి వచ్చేవాడు. చెవుల్లో పెట్టుకోవడానికి దూది, నోట్లో వేసుకోవడానికి చాక్లెట్లు పళ్లెంలో పెట్టి తెచ్చేవాళ్లని, వేడి వేడి భోజనం పెట్టేవాళ్లని ఇప్పటికీ చెప్తాడు. "ఇప్పుడు టీ కూడా కొనుక్కోవాలె బిడ్డా, ఆ మర్యాద ఎక్కడిది" అంటాడు. ఆయన బాధ నిజమే గానీ, నా ఫిర్యాదు అది కాదు. గంటన్నర ప్రయాణంలో భోజనం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. సీట్ల మధ్య మోకాళ్లు ఇరుక్కోవడం, పదిహేను కిలోలు దాటితే సామానుకు కిలో లెక్కన కట్టడం, కిటికీ సీటుకు వేరే డబ్బు, ఇవన్నీ చిరాకు పెట్టే విషయాలే. కానీ టికెట్ ధర తగ్గడానికి ఇవన్నీ వదులుకోవాలంటే మా దగ్గరి జనం సంతోషంగా వదులుకుంటారు.

ఆ మర్యాద ఎవరికి దక్కిందో కూడా చూడాలి కదా. 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చి ప్రైవేటు సంస్థలన్నింటినీ కలిపేసింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1994లో ఆ చట్టం రద్దయ్యేదాకా, అంటే నలభై ఏళ్ల పాటు, దేశంలో విమానం ఎక్కినవాళ్లు ఆఫీసర్లు, నాయకులు, పెద్ద కంపెనీలవాళ్లు, మా పెద్దనాయన లాంటి కాంట్రాక్టర్లు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టారు. వాళ్లలో ఒక్కరైనా ఆ రోజుల్లో విమానం ఎక్కి ఇంటికొచ్చారని నేను వినలేదు.

అప్పట్లో చావు కబురు టెలిగ్రామ్‌లో పోయేది. టెలిగ్రామ్ చేరడానికి ఒక రోజు, చేరాక ఇనుప పెట్టె సర్దుకుని రైలో బస్సో పట్టుకుని రావడానికి రెండు రోజులు. మా తాత చనిపోయినప్పుడు మా చిన్నాయన మహారాష్ట్రలో ఒక ప్రాజెక్టు పనిలో ఉన్నాడు. ఆయన వచ్చింది దినాలకు. అప్పట్లో అది వింతేమీ కాదు, వలస పోయినోళ్లు కడచూపుకు అందరని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎదురు చూసేవాళ్లు కారు.

కాబట్టి చార్జీలన్నీ మళ్లీ ప్రభుత్వమే ఖాయం చేయాలని అనేవాళ్లతో నేను కలవను. ఒకే ధర అనేది న్యాయంగా కనిపిస్తుంది, కానీ ఆ ఒకే ధర మా జిల్లాలో నూటికి తొంభై తొమ్మిది మందికి అందని ధర. 2003లో ఎయిర్ డెక్కన్ మొదలయ్యాకే విమానం మామూలు జనం మాటల్లోకి వచ్చింది. కెప్టెన్ గోపీనాథ్ రూపాయి టికెట్లు పెట్టాడని పేపర్లో చదివి మా కాలేజీ పిల్లలం నమ్మలేదు. ఆ తర్వాత స్పైస్‌జెట్, గోఎయిర్, ఇండిగో వచ్చాయి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాక మాకు ఇంకా దగ్గరైంది. జాతీయ రహదారి 44 మీద జడ్చర్ల నుంచి గంటన్నర కూడా పట్టదు. చావు కబురు విన్న కొడుకు అదే రోజు రాగలడన్న ఆశ మా ఊళ్లకు కొత్తగా వచ్చింది. ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

ఆశ వచ్చింది కాబట్టే ఎదురుచూడటం మొదలైంది. ఎదురుచూడటం మొదలైంది కాబట్టే ధర మనిషిని కోస్తోంది.

ఇద్దరు కొడుకులు, ఒక టికెట్

మిడ్జిల్ వైపు ఒక ఊరి నుంచి ఇద్దరు అన్నదమ్ములు థానే దగ్గర సెంట్రింగ్ పనికి పోయారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినవాళ్లు. ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారుజామున వాళ్ల నాయన గుండె ఆగి చనిపోయాడు. పొద్దున్నే వాళ్ల బావ బండి మీద మా ఇంటికే వచ్చాడు, అప్పటికి ఇంకా షాపు తెరవలేదు.

"అన్నా, ఇద్దరికీ ఇమానం టికెట్లు గావాలె. సాయంత్రానికి ఊళ్ల ఉండాలె. ఎంతయితది?"

ఇంట్లోనే ల్యాప్‌టాప్ తీసి చూశాను. ఇద్దరికని వెతికితే మనిషికి 11,400 చూపించింది. ఒక్కరికని వెతికితే 9,200. తెలియనివాళ్లకు ఇది మోసంలా కనిపిస్తుంది. సంగతేమిటంటే విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు, పదికి పైగా ధరల అరలు చేసి పెడతారు. కింది అరలో సీట్లు అయిపోతే పై అర తెరుచుకుంటుంది. కింది అరలో ఒక్క సీటే మిగిలి ఉండి, మీరు రెండు సీట్లు అడిగితే, రెండింటికీ పై అర ధరే చెప్తుంది. అందుకే కుటుంబానికి టికెట్లు తీసేటప్పుడు నేను ఒక్కొక్కరికీ విడిగా వెతుకుతాను. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను.

విడిగా తీసినా ఇద్దరికీ కలిపి 20,600. బావ దగ్గర ఆరు వేలున్నాయి, అవి కూడా దహనానికి కావాలి. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఒకరికి సరిపోయే డబ్బు మాత్రం ఫోన్‌పే చేస్తానన్నాడు, అడ్వాన్సులో రాసుకుంటానన్నాడు. స్పీకర్‌లో పెట్టి అన్నదమ్ములతో మాట్లాడించాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత చిన్నోడే అన్నాడు: "అన్నను పంపు అన్నా. తలకొరివి పెట్టాల్సింది ఆయన. నేను బస్సుకొస్త."

పెద్దోడు సాయంత్రానికి చేరాడు. ఎండాకాలం, ఇంట్లో ఫ్రీజర్ బాక్సు పెట్టే స్తోమత లేదు, చీకటి పడక ముందే దహనం చేశారు. చిన్నోడు ప్రైవేటు బస్సులో మర్నాడు పొద్దున జడ్చర్ల చౌరస్తాలో దిగాడు.

అదే వారం ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి, రెండు నెలల తర్వాత ముంబైలో పెళ్లికని ఇంటిల్లిపాదికీ టికెట్లు తీయించుకున్నాడు. అదే విమాన సంస్థ, అదే రూటు, మనిషికి 3,600. మంచి మనిషి ఆయన. ఆయనకు తక్కువ ధరకు దొరకడం నాకు సంతోషమే, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ రెండు టికెట్లు ఒకే ప్రింటర్‌లోంచి తీసిన నాకు ఆ తేడా చాలా రోజులు మనసులోంచి పోలేదు. జీతం నెలనెలా పడే మనిషి 3,600 కట్టాడు. పది రోజులకు పైగా కూలి అప్పుగా రాయించుకున్న మనిషి 9,200 కట్టాడు. రెండో కొడుకు అదీ కట్టలేక తండ్రి ముఖం చూడలేదు.

ముందుగా కొంటే చౌక అని అందరం తేలిగ్గా అనేస్తాం. ముందుగా కొనాలంటే ప్రయాణం తేదీ మన చేతిలో ఉండాలి, లీవు ఖాయంగా దొరకాలి, రెండు నెలలు వాడకుండా పక్కన పెట్టగల డబ్బుండాలి. కూలి మనిషికి పండుగకు కూడా మేస్త్రీ ఎప్పుడు వదులుతాడో వారం ముందు దాకా తెలియదు. స్లాబ్ పడేదాకా ఆగమంటే ఆగాలి. ముందే టికెట్ కొని, తర్వాత రద్దు చేసుకోవాల్సి వచ్చి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను కూడా చూశాను. కాబట్టి తక్కువ ధర టికెట్ అనేది తక్కువ ఆదాయం ఉన్నవాడి కోసమని అనుకోవడం సగం నిజమే. జీవితం ముందుగా లెక్క వేసుకోగలిగినవాడి కోసం పెట్టిన ధర అది.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది

ఇది మన దేశంలో కనిపెట్టింది కాదు. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో విమాన చార్జీల మీద, రూట్ల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేసే చట్టం వచ్చింది. అంతకుముందు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ఏ సంస్థ ఎక్కడికి నడపాలో, ఎంత తీసుకోవాలో చెప్పేది. నియంత్రణ పోగానే పీపుల్ ఎక్స్‌ప్రెస్ లాంటి చౌక సంస్థలు వచ్చి పెద్దవాళ్లను వణికించాయి. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దానికి విరుగుడు కనిపెట్టింది. చాలా ముందుగా కొనేవాళ్లకు పీపుల్ ఎక్స్‌ప్రెస్ అంత తక్కువకు ఇవ్వడం, చివరి రోజుల్లో వచ్చే వ్యాపారస్తుల కోసం కొన్ని సీట్లు పూర్తి ధరకు దాచిపెట్టడం. ఏ విమానంలో ఎన్ని దాచాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. అంత కంప్యూటర్ బలం లేని పీపుల్ ఎక్స్‌ప్రెస్ రెండేళ్లలో అమ్ముడుపోయింది. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు ప్రతి విమాన సంస్థా నడిపేది ఆ లెక్క మీదే.

ఆ నియంత్రణ ఎత్తివేతను ముందుండి నడిపిన ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కాన్. బోర్డుకు అధ్యక్షుడిగా వచ్చి, ఆ బోర్డు అవసరం లేదని వాదించినవాడు. పదేళ్ల తర్వాత ఆయనే, తాము ఊహించనివి కొన్ని జరిగాయని రాశాడు. ఒకే విమానంలో మనిషికో ధర ఇంతగా పెరగడం, పోటీకి వచ్చినవాళ్లు పోయి మళ్లీ కొద్దిమంది చేతుల్లోకే మార్కెట్ చేరడం అందులో ఉన్నాయి. అయినా ఆయన తన మొదటి అభిప్రాయం మార్చుకోలేదు. నియంత్రణ పోవడం మంచిదే, కానీ మిగిలిన చిక్కులు చూసుకోవాల్సింది ప్రభుత్వమే అన్నాడు. నా మాట కూడా దాదాపు అదే.

ఆ లెక్కలో నాకు కనిపించే లోపం ఒకటుంది. చివరి రోజు వచ్చేవాడు వ్యాపారస్తుడని, డబ్బు కంపెనీ కడుతుందని, ధర ఎంతైనా వెనక్కి తగ్గడని కంప్యూటర్ అనుకుంటుంది. చివరి రోజు వచ్చే రెండో రకం మనిషి, తండ్రి శవం ఇంట్లో ఉన్నవాడు, కూడా వెనక్కి తగ్గడు. కంప్యూటర్‌కు ఇద్దరూ ఒకటే. పైగా నిజమైన వ్యాపారస్తుల్లో చాలామందికి ఇప్పుడు కార్పొరేట్ చార్జీలున్నాయి. వాళ్ల కంపెనీలు విమాన సంస్థలతో ఒప్పందం చేసుకుంటాయి, తేదీ మార్చుకున్నా పెద్దగా కోత పడదు, భోజనం కూడా అందులోనే. ఎవరిని చూసి ఆ చివరి అర ధర పెట్టారో వాళ్లు పక్క తలుపులోంచి తప్పుకున్నారు. పూర్తి ధర దగ్గర ఒంటరిగా నిలబడింది విడి మనిషి.

అవతలివాళ్ల మాటలో నిజం

ఈ విషయం మీద నా మిత్రుడొకడు, మహబూబ్‌నగర్‌లో కాలేజీ లెక్చరర్, నాతో గట్టిగానే వాదించాడు. ఆయన చెప్పిన మొదటి మాట: ఆ 9,200 ధర ఉంది కాబట్టే ఆ రోజు పొద్దున సీటు మిగిలి ఉంది. ధర అందరికీ 4,000 అయితే ఆ సీట్లు వారం కిందే అయిపోయేవి, అప్పుడు పెద్ద కొడుకు కూడా రాలేకపోయేవాడు. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. దసరాకు రైళ్లలో చూస్తాం కదా, ధర తక్కువే, సీటు మాత్రం దొరకదు. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ రోజుల్లో కూడా అంతే, సీటు దొరకాలంటే ఎవరో పెద్దమనిషి ఫోన్ చేయాల్సి వచ్చేదని మా పెద్దనాయనే చెప్తాడు.

ఆయన రెండో మాట: విమాన సంస్థలేమీ లాభాల్లో మునిగి తేలడం లేదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో. ఒక్కోటి మూతపడినప్పుడల్లా వేల ఉద్యోగాలు పోయాయి. చివరి సీట్ల మీద వచ్చే డబ్బే కింది అర టికెట్లను ఆదుకుంటోంది. ఆ డబ్బు రాకుండా చేస్తే బ్యాంకు ఉద్యోగి 3,600 టికెట్ 4,500 అవుతుందన్నాడు.

ఇది కూడా నిజమే అనుకుంటాను. కరోనా కాలంలో చూశాం. 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా చార్జీలకు పైహద్దూ కిందిహద్దూ రెండూ పెట్టారు. కింది హద్దు వల్ల చౌక టికెట్లు కనబడకుండా పోయాయి. ఆ రెండేళ్లు నా షాపులో టికెట్లు తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మామూలు రోజుల కంటే ఎక్కువే కట్టారు. శాశ్వతంగా హద్దులు పెడితే ఏమవుతుందో అప్పుడు ఒక రుచి చూశాం.

కానీ పోటీ అన్నీ సర్దుతుందన్న ఆయన మూడో మాటతో మాత్రం ఒప్పుకోను. ఇప్పుడు దేశీయ విమానాల్లో ప్రయాణించేవాళ్లలో పదింట తొమ్మిది వంతుల దాకా రెండే గ్రూపుల విమానాల్లో ఎక్కుతున్నారు, ఇండిగో, ఎయిర్ ఇండియా. ఇండిగో ఒక్కదానివే ఆరు వంతులకు పైన. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు ఇండిగో ఒక్కటి సిద్ధంగా లేకపోతే 2025 డిసెంబరులో దేశమంతా ఆగిపోయింది కదా. అట్లాంటి మార్కెట్‌లో ఇంకొకడు వచ్చి తక్కువకు ఇస్తాడులే అని చావింటివాళ్లకు ఎట్లా చెప్తాం?

పదిమందికీ వస్తేనే ఆపదా

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. ప్రభుత్వం చార్జీల జోలికి అసలు పోదని అనలేం. పహల్‌గామ్ దాడి తర్వాత శ్రీనగర్ నుంచి వచ్చే విమానాల ధరలు పెంచొద్దని సంస్థలకు చెప్పింది. కుంభమేళా అప్పుడు ప్రయాగ్‌రాజ్ చార్జీల మీద గోల అయితే కలగజేసుకుంది. డిసెంబరులో ఏకంగా పట్టికే ఇచ్చింది. ఇవన్నీ సరైన పనులే. వీటన్నింట్లో ఆపద వేలమందికి ఒకేసారి వచ్చింది, కెమెరాలున్నాయి, అందుకే ప్రభుత్వం కదిలింది. అదే ఆపద రోజుకు ఒక ఇంట్లో, వేర్వేరు ఊళ్లలో, ఏడాదంతా వస్తుంటే అది మార్కెట్ సంగతి అయిపోతోంది. దేశంలో ప్రతి రోజూ ఎందరో కొడుకులూ కూతుళ్లూ చావు కబురు విని టికెట్ కోసం వెతుకుతుంటారు. వాళ్లందరినీ ఒక ఎయిర్‌పోర్టులో నిలబెడితే అది కూడా డిసెంబరు సంక్షోభం లాగే కనబడుతుంది.

ప్రయాణికుల హక్కుల నిబంధనలు చూసినా ఇదే తీరు. విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ ఒక మంచి నిబంధన తెచ్చింది, టికెట్ కొన్నాక ఒక గడువు లోపల రద్దు చేసుకున్నా, మార్చుకున్నా అదనంగా ఏమీ తీసుకోకూడదని. కానీ ప్రయాణానికి ఏడు రోజులకు పైన ఉంటేనే అది వర్తించేటట్టు పెట్టారు. అంటే తీరికగా పోయేవాడికి రక్షణ ఉంది. ఐసీయూ నుంచి ఫోన్ వచ్చి రేపటి టికెట్ తీసుకుని, సాయంత్రానికి "ప్రాణాపాయం తప్పింది, రావొద్దు" అని విన్నవాడికి లేదు. చార్జీలను గమనించడానికి డీజీసీఏలో టారిఫ్ మానిటరింగ్ యూనిట్ కూడా 2010 నుంచి ఉంది. అది చూసేది సంస్థలు తాము ప్రకటించిన ధరల పట్టిక లోపలే అమ్ముతున్నాయా లేదా అని. ఆ పట్టికలో పై అర ఎంత ఎత్తున ఉండాలో నిర్ణయించేది మళ్లీ ఆ సంస్థే. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా చార్జీల మీద గట్టి నిఘా ఉండాలని, రూటు వారీగా హద్దులు ఆలోచించాలని చెప్పింది. రూటు వారీ హద్దు కంటే మనిషి అవసరాన్ని చూసే పద్ధతి మేలని నా అభిప్రాయం.

చావు చార్జీ

పాశ్చాత్య దేశాల్లో చాలా విమాన సంస్థలు దగ్గరి బంధువు చనిపోయినప్పుడు చివరి నిమిషం టికెట్ మీద తగ్గింపు ఇచ్చేవి. అమెరికన్, యునైటెడ్ సంస్థలు 2014లో దాన్ని తీసేశాయి. డెల్టా లాంటివి, కెనడాలో ఎయిర్ కెనడా ఉంచుకున్నాయి. ఎయిర్ కెనడా మీద 2024లో వచ్చిన తీర్పు చదివినవాళ్లుంటారు. అమ్మమ్మో నానమ్మో చనిపోయి ఒకతను టికెట్ కొంటూ ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను అడిగాడు. ఇప్పుడు పూర్తి ధర కట్టు, తర్వాత తగ్గింపుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని అది చెప్పింది. తీరా అడిగితే ప్రయాణం అయిపోయాక తగ్గింపు ఇచ్చేది లేదన్నారు. చాట్‌బాట్ చెప్పినదానికి తాము బాధ్యులం కామని వాదించారు కూడా. ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు, తేడా డబ్బు కట్టించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ కంపెనీ వాదన కంటే ఆ మనిషి పరిస్థితే ఎక్కువ తెలిసొచ్చింది. ఏడుస్తూ ఉన్న మనిషి చేత ఫారాలు నింపించే పద్ధతి పనిచేయదు. ప్రయాణం ముందు కాగితాలు అడగకూడదు.

మన దగ్గర విద్యార్థులకు, సీనియర్ సిటిజన్లకు, సైనికులకు తగ్గింపు చార్జీలు కొన్ని సంస్థలు ఇస్తున్నాయి. టికెట్ కొనే చోట ఆ వరుసలో ఇంకో గడి చేర్చడం పెద్ద పని కాదు. ఆ గడి నొక్కితే ఆ రోజు ఏ అర తెరిచి ఉన్నా, మధ్య అర ధరకు టికెట్ రావాలి. అబద్ధం చెప్పి వాడుకుంటారని లెక్చరర్ మిత్రుడు అన్నాడు. దానికి జవాబు మన పంచాయతీల్లోనే ఉంది. చట్టం ప్రకారం చావును 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఎటూ బ్యాంకు ఖాతాకు, పింఛన్‌కు, రైతుబీమాకు ఆ సర్టిఫికెట్ కావాలి, మా ఊళ్లలో అందరూ తీసుకుంటున్నారు. నెల లోపల ఆ సర్టిఫికెట్, బంధుత్వం చూపే ఆధారం అప్‌లోడ్ చేయకపోతే మిగతా ధర వసూలు చేసుకోవచ్చు. ఆ పని నాలాంటి నెట్ సెంటర్లవాళ్లు చేసిపెడతారు.

డబ్బు ఎవరు పెట్టుకోవాలన్నది అసలు ప్రశ్న. దీనికీ దారి ఉంది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కోసం పెద్ద రూట్లలో బయలుదేరే విమానాల మీద లెవీ వేస్తున్నారు, అది చివరికి టికెట్లలోనే కలుస్తుంది. అంటే హైదరాబాద్ నుంచి ముంబైకి పోయే కూలి మనిషి కూడా చిన్న ఊళ్ల విమానాల కోసం కొంత కడుతున్నాడు. 2017లో ఆ పథకం మొదలైన రోజే కడప, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు విమానాలు వచ్చాయి, మంచిదే. మా దగ్గర దేవరకద్ర వైపు విమానాశ్రయం అని సర్వేలు చేశారు, పేపర్లో చాలాసార్లు వచ్చింది. నిజం చెప్పాలంటే శంషాబాద్ ఇంత దగ్గరుండగా మాకు అది అత్యవసరం కాదు. ఒక ఊరికి విమానం కోసం అందరి టికెట్లోంచి కొంత తీయడం సబబైనప్పుడు, ఒక మనిషి కడచూపు కోసం ఇంకొన్ని రూపాయలు తీయడం ఎందుకు సబబు కాదు? బ్యాంకు ఉద్యోగి టికెట్ మీద పది రూపాయలు పెరిగితే ఆయన కాదనడు. ఆయన్ను అడిగాను కూడా.

ఆస్పత్రి ప్రయాణాలను ఇందులో ఎట్లా కలపాలో నాకు ఇంకా తేలలేదు. చావుకు సర్టిఫికెట్ ఉంటుంది, సీరియస్‌గా ఉందన్న మాటకు డాక్టర్ చీటీ తప్ప ఏముంటుంది, ఆ చీటీలు ఎంత తేలిగ్గా దొరుకుతాయో అందరికీ తెలుసు. ముందు చావుతో మొదలుపెట్టి, అది నడిచాక రెండోది ఆలోచించొచ్చు.

ఈ విషయం మీద మా ఎంపీకి, డీజీసీఏకు ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికి బలం కావాలంటే లెక్కలు కావాలి, ఆ లెక్కలు ఎవరి దగ్గరా లేవు, ఎందుకంటే టికెట్ మీద కారణం రాసి ఉండదు. కారణం తెలిసేది టికెట్ తీసినవాడికే. నారాయణపేట, కొల్లాపూర్, దేవరకొండ, మిర్యాలగూడ, ఎక్కడైనా సరే టికెట్లు తీసే పని చేసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక నోటుబుక్ పెట్టండి. చావుకు, ఆస్పత్రికి తీసిన టికెట్ అయితే తేదీ, రూటు, ఎన్ని గంటల ముందు తీశారు, ఎంత పడింది, అదే రూటులో నెల తర్వాతి ధర ఆ రోజు ఎంత చూపించింది, ఈ ఐదూ రాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. డబ్బు చాలక టికెట్ తీయకుండా వెనక్కి పోయినవాళ్లుంటే వాళ్లను కూడా ఒక వరుసలో రాయండి. వచ్చే సంక్రాంతి దాకా రాసి నాకు పంపితే అన్నీ కలిపి ఉత్తరంతో జత చేస్తాను.